“విరమణ” అను మాట

చదువవలసిన భాగము: 2 సమూయేలు 2:12–32; 3:20–30

కాల్పుల విరమణ అను మాట వార్తలలో తరచుగా వినబడుచున్నది. విరమించుట యనగా మానుట, ఆగుట. వ్రాతలో వాక్యము ఆగినచోట పెట్టు గుర్తును విరామ చిహ్నమని మన పిల్లలు బడిలో నేర్చుకొనుచున్నారు. సంధి అను మాట అట్టిది కాదు. ఎముకలు కలిసిన చోటు సంధి. వ్యాకరణములో రెండు అక్షరములు కలియుట సంధి. తుపాకి దింపినవాడు విరమించెను గాని ఇంకను సంధి చేసికొనలేదు.

ఈ భేదమును మన హైదరాబాదు సీమ కన్నులార చూచినది. 1947 నవంబరు 29న నిజాము ప్రభుత్వమునకును భారత ప్రభుత్వమునకును యథాతథ ఒడంబడిక జరిగెను. ఉన్నదానిని ఉన్నట్టుగా ఒక సంవత్సరము నిలుపుటయే దాని ఉద్దేశము. అసలు తగవు తీరలేదు. ఏడాది నిండకమునుపే, 1948 సెప్టెంబరు 13న, భారత సైన్యము ప్రవేశించెను. 17న నిజాము కాల్పులు ఆపుమని ఆజ్ఞ ఇచ్చెను; మరునాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయెను. సైన్యములు ఆగినవి. నల్లగొండ, వరంగల్ పల్లెలలో మాత్రము పోరు ఆగలేదు, ఏలయనగా అక్కడి భూమి తగవు అట్లే యుండెను. కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటమును విరమించినట్లు ప్రకటించినది 1951 అక్టోబరు 21న. ఆ పార్టీ నాయకుడు, కవి మఖ్దూం మొహియుద్దీన్ పేరట హిమాయత్‌నగర్‌లో మఖ్దూం భవన్ ఉన్నది. పట్నము వచ్చినవారు చూచియుందురు. 2004లో ప్రభుత్వమును మావోయిస్టులును కాల్పులు ఆపి ఈ నగరములోనే చర్చించిరి. 2005 జనవరికి అదియు చెడెను.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. గిబియోను యుద్ధములో అబ్నేరు యోవాబు తమ్ముడైన అశాహేలును చంపెను. సాయంకాలమున అబ్నేరు కేకవేసి బ్రతిమాలగా, బాకా ఊది జనులను ఆపినవాడెవడు? యోవాబే! ఆ విరమణ నిజమైనదే. ఆ రాత్రి ఎన్నో ప్రాణములు దక్కెను. దానిని చులకన చేయరాదు. అయితే అశాహేలు రక్తమును గూర్చి ఎవరును మాటలాడలేదు. తరువాత హెబ్రోనులో దావీదు అబ్నేరుకు విందుచేసి సమాధానముగా పంపివేసినప్పుడు యోవాబు అక్కడ లేడు. గాయపడినవానిని పిలువకయే సఖ్యత కుదిరెను. బాకా ఊదిన ఆ మనుష్యుడే అబ్నేరును గుమ్మములో పొడిచెను.

లూకా 14లో రాయబారము పంపిన రాజు కోరునది సమాధానమని మన తెలుగు బైబిలు చెప్పుచున్నది. అడిగినదానికి చెప్పు జవాబును కూడ మనము సమాధానమే యందుము. ఆ రెండును ఒకే మాటగా మనకు దొరకుట మేలే యని మా తలంపు.

మన సంఘములలో గట్టు తగవులు, కట్నపు తగవులు రాజీ అయినవని వినుచున్నాము. రాజీ యనగా మనసార ఒప్పుకొనుట. కాగితముపై వ్రేలిముద్ర వేసిన అన్నదమ్ములు గుడిలో చెరియొక ప్రక్క కూర్చుండి, ఒకే పాత్రలో పాలుపొందుట మేము పెక్కు ఊళ్లలో చూచితిమి. పెద్దలు రాజీ చేసిన దినమున పిలువబడనివారు ఆ యింట ఎవరైన ఉన్నారా? సంస్కారపు ఆదివారమునకు ముందు పెద్దలు ఆ యింటికి పోయినప్పుడు, కేసు ఊసు ఎత్తక, మొదట వారితో మాటలాడవలెను.