హైదరాబాద్ ఎఫ్‌సీ: ఐదు సీజన్ల పాఠం

మాది రాజవొమ్మంగి. మా మన్యంలో ఐఎస్ఎల్ క్లబ్ లేదు కాబట్టి నేను హైదరాబాద్ ఎఫ్‌సీనే మనదనుకున్నా. దాని మొదటి ఐదు సీజన్లు చూద్దాం.

2019-20: 18 మ్యాచులు, 10 పాయింట్లు. అట్టడుగు.
2020-21: కోచ్‌గా మనోలో మార్క్వెజ్ వచ్చాడు. ఐదో స్థానం.
2021-22: ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మనదే!
2022-23: లీగ్‌లో రెండో స్థానం, సెమీస్‌లో ఓటమి.
2023-24: 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. మళ్లీ అట్టడుగు.

రెండుసార్లూ ఒకే స్థానం, కారణాలే వేరు. మొదటిసారి, సీజన్‌కు రెండు నెలల ముందు పుట్టిన క్లబ్. ఐదోసారి, జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయిన క్లబ్. పాయింట్ల పట్టికలో ఈ తేడా కనపడదు. అందుకే ఏ క్లబ్ చరిత్ర చదివినా, ‘ఎన్నో స్థానం’ తర్వాత ‘ఎందుకు’ అని కూడా అడగండి.