మన పిల్లలను చూసే రేపటి నర్సులు



"నేర్చుకునే అమ్మాయి చేత మా బిడ్డకు సూది వేయించకండమ్మా" అని వార్డులో తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ భయం సహజమే. కానీ నేడు నేర్చుకునేవారు లేకపోతే రేపు మీ మనవలను చూసేదెవరు? బిడ్డకు హాని కలగకుండా నేర్పడమెలా అన్నదే అసలు ప్రశ్న.

1. ముందు బొమ్మ మీద, తర్వాత బిడ్డ దగ్గర

పుట్టిన ప్రతి 100 మంది శిశువుల్లో దాదాపు 5 నుండి 10 మందికి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సహాయం కావాలి. ఒళ్ళు తుడిచి, వీపు రుద్దినా ఊపిరి రాకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో గాలి అందించాలి. అప్పుడు పుస్తకం తిరగేసే వ్యవధి ఉండదు. అందుకే 2009లో మన దేశంలో ప్రారంభమైన నవజాత శిశు సురక్షా కార్యక్రమంలో ఈ పనిని శిశువు బొమ్మ మీద చేయించి నేర్పుతారు.

2. ఒకసారి నేర్చుకుంటే చాలదు

చేయకుండా ఉంటే ఈ పని కొన్ని నెలల్లోనే చేయి తప్పుతుంది. సర్టిఫికెట్ మాత్రం గోడకు ఉంటుంది. కాబట్టి ఇకపై శిక్షణ అంటే ఏటా ఒక క్లాసు కాదు. డ్యూటీ గదిలోనే, డాక్టరు, నర్సు కలిసి, తరచుగా పది నిమిషాల సాధన.

3. తల్లి కూడా బృందంలో ఒకరు

బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. భారత్‌తో సహా ఐదు దేశాలలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, 1 నుండి 1.8 కిలోల బరువున్న శిశువులకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్నే సూచించింది. అంటే తల్లీబిడ్డలు ఒకే గదిలో ఉండాలి. బాలింతను చూసే నర్సు శిశువు పని, శిశువును చూసే నర్సు బాలింత పని నేర్చుకోవాలి.

మీరు చేయగలిగినవి

• విద్యార్థిని వచ్చినప్పుడు "సీనియర్ సిస్టరు పక్కన ఉన్నారా? చేతులు కడుక్కున్నారా?" అని అడగండి. అది మీ హక్కు. మేమేమీ అనుకోం.

• ఇద్దరూ ఉంటే, ఆమెను నేర్చుకోనివ్వండి.

• శిశువు పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, కాలినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే తీసుకురండి.

• మీ ఇంటి అమ్మాయో, అబ్బాయో నర్సింగ్ చదువుతానంటే వద్దనకండి.

బిడ్డ మీది. నేర్పే బాధ్యత మాది. మీ సహకారం లేకుండా అది నెరవేరదు.

— నర్సింగ్ సూపరింటెండెంట్