విన్‌స్టన్ బల్ల దగ్గర ఆగు

కరీంనగర్



జార్జ్ ఆర్వెల్ ‘1984’ చదివినంక రాత్రి నిద్ర పట్టలేదని, అయినా అసొంటి రాజ్యం మన దిక్కు రాదులే అని రాశావు. నిద్ర పట్టకపోవడం మంచిదే. ఆ రెండో మాటే నాకు నచ్చలేదు.

ఆ నవల పేరెత్తితే అందరికీ గోడ మీది పెద్దన్న బొమ్మ, మనిషిని కనిపెట్టి చూసే తెర గుర్తొస్తాయి. నువ్వు ఆ నవల నాయకుడు విన్‌స్టన్ బల్ల దగ్గర ఆగు. అతనిది గుమాస్తా పని. పాత పత్రికల్లో సర్కారుకు గిట్టని లెక్కలు, పేర్లు దిద్దుతాడు. పాత కాగితం మంటల పాలవుతుంది. ఆ రాజ్యమంటే అతనికి లోలోపల అసహ్యమే. కానీ పనిలో పడ్డాడంటే చిక్కుముడి విప్పినంత ఇష్టంగా దిద్దుతాడు. 1949లో అచ్చయిన ఆ పుస్తకంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే.

అసొంటిది మన దిక్కు రాదన్నావు కదా, విను. 1981 ఏప్రిల్ 20న, మన పక్కనే ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో, భూముల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. గూడేలు ఆ లెక్కను ఏనాడూ ఒప్పుకోలేదు. వాళ్ల యాదిలో కట్టిన స్తూపాన్ని కూల్చారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఆ తేదీ వస్తే అక్కడ ఆంక్షలే. సచ్చినోళ్లకు దండం పెట్టుకోవడానికీ పోలీసులు ఒప్పుకోవాల్సి వచ్చేది! ఆ 13 అనే అంకె కూడా ఒక బల్ల మీదే రాసి ఉంటారు కదా బిడ్డా.

మనిషిని లెక్కలోంచి తీసేయడానికి తుపాకీ అక్కర లేని పద్ధతీ ఒకటుంది. 2014 తర్వాత మన రాష్ట్రంలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికొచ్చి అడగకుండా, నోటీసు ఇవ్వకుండా కంప్యూటర్ లెక్క చూసి తీసేశారని కోర్టులో కేసు పడింది. క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నడుమ ఆ ఇళ్లల్లో పొయ్యి మీద ఏం ఉడికిందో ఏ రికార్డులోనూ ఉండదు.

కంట్రోలు దుకాణం కాడ ఒక్క పూట నిలబడి చూడు. ఏళ్లకేళ్లు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, బీడీలు చుట్టిన ఆడవాళ్ల వేళ్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద బొటనవేలు పెడతారు, పడదు. కొంగుతో తుడిచి మళ్లీ పెడతారు. డీలరుకు వాళ్లు ఏళ్లుగా తెలుసు. అయినా మిషన్ ఒప్పుకోనిదే బియ్యం తూచలేడు.

హైదరాబాద్‌లో నీకొచ్చిన కొలువు డేటా పనే అన్నావు. సంతోషం, పోయి చేరు. ఆ కుర్చీలో కూర్చున్న నాడు, నువ్వు కొట్టేసే ఒక్కో వరుస వెనక ఎవరున్నారో అడుగు. తప్పు పడితే ఆ మనిషి ఎవరి దగ్గరికి రావాలో, ఎన్ని దినాల్లో జవాబు చెప్పాలో కూడా ఆ పనిలోనే రాయించు. పై అధికారి విసుక్కుంటే విసుక్కోనీ.

సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల నా దగ్గరుంది, వచ్చినప్పుడు తీసుకుపో. ఏప్రిల్‌లో సెలవు దొరికితే జన్నారం, ఉట్నూరు మీదుగా ఇంద్రవెల్లికి పోదాం.

నీ పెద్దబాపు