ఒకే వైఫై.. అన్నయ్య ఫోన్‌లో 190, నాన్న ఫోన్‌లో 42! ఎందుకిలా?

ఒక ఇల్లు అనుకుందాం. 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్, హాల్లో టీవీ పక్కన రూటర్. ఒక ఆదివారం ఇంట్లో వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు స్పీడ్ టెస్ట్ చేశారు. అన్నయ్య ఫోన్‌లో 190 వచ్చింది. పక్కనే కూర్చున్న నాన్న ఫోన్‌లో 42. ల్యాన్ కేబుల్ పెట్టిన స్మార్ట్ టీవీలో 94. లోపలి గదిలో చెల్లి ల్యాప్‌టాప్‌లో ఒకసారి 60, ఇంకోసారి 25.

నాన్న వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టారు. "200 అని డబ్బులు తీసుకుని 42 ఇస్తున్నారేంటండీ?" అటునుంచి వచ్చిన సలహా: "300 ప్లాన్‌కి మారండి సార్."

మారితే ఏమవుతుందో ముందే చెప్పొచ్చు. అన్నయ్య ఫోన్‌లో స్పీడ్ పెరుగుతుంది. మిగతా మూడింటిలో ఏ మార్పూ ఉండదు. కానీ బిల్లు మాత్రం నెలనెలా పెరుగుతుంది.

ఎందుకంటే ప్లాన్ స్పీడ్ అనేది రూటర్ వరకే. అక్కడి నుంచి ప్రతి డివైజ్ రూటర్‌తో తన సొంత లింక్ పెట్టుకుంటుంది. ట్యాంకు నిండా నీళ్లున్నా కుళాయికి వచ్చే పైపు సన్నగా ఉంటే బకెట్ మెల్లగానే నిండుతుంది కదా, ఇదీ అంతే. ఆ పైపు సైజుకే లింక్ స్పీడ్ అని పేరు. తమాషా ఏంటంటే, స్పీడ్ టెస్ట్‌లో వచ్చిన అంకె చూస్తే చాలావరకు ఏ పైపు సన్నగా ఉందో పట్టేయొచ్చు.

నాన్న ఫోన్: 42

ఇది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ లక్షణం. చాలా బడ్జెట్ ఫోన్లలో వైఫైకి ఒకే స్ట్రీమ్ ఉంటుంది. వైఫై 4 అంటే 802.11ఎన్‌లో, 2.4 బ్యాండ్ మీద, 20 మెగాహెర్ట్జ్ చానల్‌లో ఒక్క స్ట్రీమ్‌కి గరిష్ఠ లింక్ స్పీడ్ 72 ఎంబీపీఎస్. అంతకు మించి రాదు. ప్లాన్ 200 అయినా 1000 అయినా అంతే.

మరి 72 అన్నాక 42 ఏంటి? వైఫైలో ఒక చానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. డేటా పంపాక "అందింది" అని అవతలి నుంచి జవాబు రావాలి. మళ్లీ పంపే ముందు గాలి ఖాళీగా ఉందో లేదో విని, కాసేపు ఆగాలి. ఈ మర్యాదలన్నిటికీ టైమ్ పోతుంది. అందుకే లింక్ స్పీడ్‌లో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులే మనకి అసలు స్పీడ్‌గా దక్కుతుంది. దీనికి తోడు 2.4 బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానల్స్ మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఉంటే చుట్టుపక్కల ఫ్లాట్ల రూటర్లన్నీ ఆ మూడింటి మీదే సర్దుకోవాలి. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే.

ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ సపోర్ట్ ఉందో లేదో స్పెసిఫికేషన్స్‌లో చూడండి. 802.11 బీ/జీ/ఎన్ అని ఆగిపోతే సాధారణంగా 2.4 మాత్రమే. ఏసీ అని ఉంటే 5 కూడా ఉన్నట్టే. ఉన్నా 2.4కే కనెక్ట్ అయి ఉండొచ్చు, ఎందుకంటే చాలా రూటర్లు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెడతాయి. రూటర్ సెట్టింగ్స్‌లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెడితే ఈ గందరగోళం ఉండదు.

టీవీ: 94

ఈ అంకె కనిపిస్తే దాదాపు కళ్లు మూసుకుని చెప్పొచ్చు, మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఉంది. ప్రతి ప్యాకెట్‌కీ అడ్రస్‌లు, హెడర్లు తగిలించాలి కాబట్టి 100లో మనకి మిగిలేది 94, 95. చాలా స్మార్ట్ టీవీల్లో ఇప్పటికీ ల్యాన్ పోర్ట్ 100దే. కేబుల్ అంటే ఎప్పుడూ వైఫై కంటే ఫాస్ట్ అనుకుంటాం గానీ, ఇదే టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపితే 94 దాటే అవకాశం ఉంది. అయినా నేనైతే కేబుల్ తీయను. నెట్‌ఫ్లిక్స్ 4కే వీడియోకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలంటుంది. ఆగకుండా ఆడటం ముఖ్యం, అంకె కాదు.

అదే 94 గిగాబిట్ పోర్ట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కనిపిస్తే మాత్రం కేబుల్‌ని అనుమానించండి. ల్యాన్ కేబుల్‌లో 8 తీగలుంటాయి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. క్రింపింగ్‌లో ఒక్క తీగ సరిగ్గా దిగకపోయినా, తలుపు సందులో నలిగినా లింక్ చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. నెట్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ డౌట్ రాదు.

చెల్లి ల్యాప్‌టాప్: 60, 25

అంకె నిలకడగా లేదంటే సమస్య సిగ్నల్‌ది. సిగ్నల్ తగ్గేకొద్దీ వైఫై తనంతట తానే నెమ్మదైన, కానీ తప్పుల్లేని స్పీడ్‌కి దిగుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం. మన ఇళ్లలో ఇటుక గోడలు, కాంక్రీట్ స్లాబ్‌లు, పైగా గోడకి ఆనించిన ఇనుప బీరువా. ఆ బీరువా రూటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్యలో ఉంటే కథ అక్కడే ముగుస్తుంది.

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. ఈ ల్యాప్‌టాప్ లింక్ స్పీడ్ 97 దగ్గర ఉందనుకోండి. అదే 5 గిగాహెర్ట్జ్ మీద అన్నయ్య ఫోన్ 866తో ఉంది. అదే సైజు ఫైల్‌కి ల్యాప్‌టాప్ దాదాపు 9 రెట్లు ఎక్కువ సేపు గాలిని పట్టుకుంటుంది. ఆ టైమంతా అన్నయ్య ఫోన్ ఆగాల్సిందే. అంటే చెల్లి లోపలి గదిలో పెద్ద అప్‌డేట్ డౌన్‌లోడ్ పెడితే హాల్లో అన్నయ్య గేమ్ తడబడొచ్చు. తప్పు చెల్లిది కాదు, బీరువాది!

అన్నయ్య ఫోన్: 190

ఇందులో వైఫై 5, రెండు స్ట్రీమ్‌లు, 80 మెగాహెర్ట్జ్ చానల్. లింక్ స్పీడ్ 866. పైపు పెద్దది కాబట్టి ఇక్కడ అడ్డు ప్లాన్ మాత్రమే. కొత్త ఫోన్ కొనేవాళ్లకి ఒక మాట: బాక్స్ మీద వైఫై 6 అని చూసి మురిసిపోకండి. ఈ 4, 5, 6 పేర్లు వైఫై అలయన్స్ 2018లో పెట్టినవి, వాటిలో స్ట్రీమ్‌ల సంఖ్య కనిపించదు. 80 మెగాహెర్ట్జ్‌లో వైఫై 6 ఒక స్ట్రీమ్‌తో ఇచ్చేది 600, అంటే రెండు స్ట్రీమ్‌ల పాత వైఫై 5 ఫోన్ కంటే తక్కువే. స్పెసిఫికేషన్స్‌లో "2x2 మైమో" అనే మాట కోసం వెతకండి.

మీ ఇంట్లో ఎలా తేల్చాలి?

ఆండ్రాయిడ్‌లో కనెక్ట్ అయిన వైఫై వివరాల్లోకి వెళితే చాలా ఫోన్లలో లింక్ స్పీడ్, బ్యాండ్ రెండూ కనిపిస్తాయి. విండోస్‌లో వైఫై ప్రాపర్టీస్‌లో ఉంటుంది. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి. లింక్ స్పీడ్ మీ ప్లాన్‌కి కనీసం రెట్టింపు లేకపోతే ఆ డివైజ్‌లో ఫుల్ స్పీడ్ ఆశించడం అత్యాశే.

కంపెనీని నిలదీసే ముందు ఒక్క పని చేయండి. గిగాబిట్ పోర్ట్ ఉన్న ల్యాప్‌టాప్‌ని మంచి కేబుల్‌తో నేరుగా రూటర్‌కి పెట్టి, మిగతా డివైజ్‌లు, వీపీఎన్ ఆపేసి, ఒకే సర్వర్ మీద మూడు నాలుగు సార్లు టెస్ట్ చేయండి. పగలు ఒకసారి, రాత్రి 9 తర్వాత ఒకసారి. డౌన్‌లోడ్ మేనేజర్ చూపించేది మెగాబైట్లని మర్చిపోకండి: సెకనుకి 24 మెగాబైట్లు అంటే 190 ఎంబీపీఎస్ పైనే. కేబుల్‌లో 190 వస్తే లైన్ బాగానే ఉంది, పని మీ ఇంట్లోనే ఉంది. రూటర్‌ని ఇంటి మధ్యకి, ఎత్తుకి మార్చండి. అది పైసా ఖర్చు లేని పని. లోపలి గదికి అప్పటికీ సరిపోకపోతే చౌక రిపీటర్ కంటే, కేబుల్ లాగి అక్కడ రెండో యాక్సెస్ పాయింట్ పెట్టడం మేలు. ఒకే రేడియో మీద నడిచే రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నీ రెండుసార్లు పంపాలి కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది.

కేబుల్‌లో కూడా 42 వస్తే? అప్పుడు స్క్రీన్‌షాట్లన్నీ టైమ్‌తో సహా దాచుకుని ఫోన్ చేయండి. ఆ ఫోన్‌లో "300 ప్లాన్‌కి మారండి సార్" అంటే, ముందు ఈ 200 ఇవ్వమని అడగండి.