వినయం ఉండాలి, బాంచన్‌తనం పోవాలి

అతిగా లొంగి ఉండటాన్ని చెప్పే మాటలకు మనకు కరువు లేదు. చిత్తం, జీ హుజూర్, అడుగులకు మడుగులొత్తడం, గంగిరెద్దులా తలాడించడం. ఇంగ్లీషువాళ్లకు యెస్‌మన్ ఉంది. చైనా చక్రవర్తి ముందు నుదురు నేలకు తాకించే పద్ధతిని చూసి కౌటౌ అనే మాటను కూడా తెచ్చుకున్నారు. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలు తరతరాలుగా మోసిన 'నీ బాంచన్ దొరా, కాల్మొక్త' (నీ బానిసను దొరా, కాళ్లు మొక్కుతాను) అన్న మాటకున్న బరువు వీటిలో దేనికీ లేదు. ఆ రోజుల్లో దొర ఉండే గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడవాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ అందరూ పైసా లేకుండా దొర పని చేసి, ఆ తర్వాతే తమ పని చూసుకోవాలి. దొర పంచాయతీ చెప్పి దండుగ వేస్తే తలవంచి కట్టాలి.

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో లొంగుబాటును మనిషి స్వభావంలోని లోపంగా చెబుతారు. నిటారుగా నిలబడు, కళ్లలోకి చూసి మాట్లాడు, నీ మీద నువ్వు నమ్మకం పెంచుకో అంటారు. ఈ బోధ సగం దూరం కూడా పోదని నా నమ్మకం. దానికి ఈ నేలే సాక్ష్యం.

ఇలా పైసా ఇవ్వకుండా పని చేయించే వెట్టిని మన రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలనకు ప్రత్యేక చట్టమే వచ్చింది. అయినా ఈ పల్లెల్లో దొరతనం కదల్లేదు. రైతుకూలీ సంఘాలు పుట్టాక కదిలింది. 1978 సెప్టెంబర్ 7న ఆ సంఘాలు జరిపిన జగిత్యాల జైత్రయాత్రకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలాది మంది నడిచి వచ్చారు. వెట్టి ఇక చెయ్యం అన్నారు, కూలి పెంచమన్నారు, కట్టిన దండుగలు తిరిగివ్వమన్నారు. కొన్ని ఊళ్లు దొరలను సాంఘికంగా బహిష్కరించాయి. వాళ్ల బట్టలు ఉతికేవాళ్లు లేరు, గడ్డం గీసేవాళ్లు లేరు, జీతగాళ్లు గడి గడప తొక్కలేదు. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆ సంఘాల రాజకీయాల మీద, ఆ తర్వాత పారిన నెత్తురు మీద ఎవరి అభిప్రాయం వారికుండొచ్చు. నన్ను ఆలోచింపజేసేది ఒకటే. ఆ రోడ్డు మీద నడిచినవాళ్లు కొత్త మనుషులేమీ కాదు, నిన్నటిదాకా గడి ముందు చెప్పులు విడిచినవాళ్లే. వాళ్లకు ఆత్మవిశ్వాసం గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. పక్కన ఇంకో మనిషి నిలబడ్డాడు, అంతే. లొంగుబాటు వాళ్ల స్వభావంలో లేదు. అప్పులో ఉంది, భూమి లేకపోవడంలో ఉంది, అన్నిటికంటే ఎక్కువగా ఒంటరితనంలో ఉంది.

గడుల కాలం పోయింది, భయం మాత్రం ఇల్లు మారింది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే మనిషి ముందే తీసుకున్న అప్పు తీరేదాకా కూలి రేటు గురించి ఆసామి దగ్గర నోరెత్తలేడు. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడబిడ్డ, వాటిని తీసుకునేవాడు బాగలేవని కొన్ని పక్కన పడేస్తే ఎందుకని అడగదు. గల్ఫ్‌కు పోయిన పిల్లగాడు పాస్‌పోర్టు మాలిక్ చేతిలో పెట్టి, ఏ పని చెప్పినా తలూపుతాడు. వీళ్లకు నిటారుగా నిలబడమని చెప్పి ఏం లాభం?

అందుకే లొంగుబాటు వదిలించుకోవాలనుకునేవాళ్లు ముందు తమ భయం ఎక్కడుందో వెతకాలి. అప్పు అయితే ఎంత తీసుకున్నదీ ఎంత తీరిందీ సొంత పుస్తకంలో రాసుకోవాలి. పని ఒప్పంద కాగితం లేకపోవడం అయితే, పనిలో చేరేముందే అడిగి తీసుకోవాలి. ఒక్కరే అడగలేని మాటను నలుగురు కలిసి అడగాలి. మాట తీరు ఆ తర్వాత దానంతటదే మారుతుంది. ఆఫీసులో 'మీ దయ సార్' అనే చోట 'ఈ పని ఎప్పటికైతది సార్?' అనడం తేలికవుతుంది. 'సార్' అన్న మాటను అలాగే ఉండనివ్వండి. కాకా, అన్నా, అక్కా అని వరుస పెట్టి పిలుచుకోవడం ఈ ప్రాంతపు అందం, దాన్ని పోగొట్టుకుని సంపాదించే ధైర్యం నాకు అక్కర్లేదు.

ఇంకొక సంగతి. పైవాడి ముందు వంగేవాడే చాలాసార్లు కిందివాడిని 'అరేయ్' అంటాడు. అంటే లోపల లొంగుబాటు అలాగే ఉంది, ఎదుటి మనిషే మారాడు. కాబట్టి మీ వ్యక్తిత్వం ఎంత పెరిగిందో అధికారి ముందు చూసుకోకండి, మీ దగ్గర పనిచేసే మనిషి ముందు చూసుకోండి. ఆ మనిషి మీతో 'ఇయ్యాల రాను' అని భయం లేకుండా చెప్పగలుగుతున్నాడా? చెప్పలేకపోతే, ముందు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టండి. నెల జీతం అడగకముందే చేతిలో పెట్టండి. కాళ్లకు వంగబోతే చెయ్యిపట్టి ఆపండి.