ఆత్మలు పలుకునా? పలికినచో నమ్మదగునా?

మరణించిన మనిషి ఎక్కడికి పోవుచున్నాడన్న ప్రశ్న మానవజాతి అంత పాతది. ప్రతి మతమూ దానికొక సమాధానము చెప్పినది. ప్రతి ఇల్లూ ఏదో ఒకనాడు ఆ సమాధానము కొరకు తడుముకొన్నది. ఆ ప్రశ్నను ఆనుకొని మరియొకటి కలదు. పోయినవారు బ్రతికియున్నవారి నోట మాట్లాడుదురా? మాట్లాడినచో ఆ మాటను నమ్మి మనము ఒక పనికి పూనుకొనవచ్చునా? ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచినది ఇదియే.

ముందుగా పదములను స్పష్టపరచుకొందము. గ్రామదేవత జాతరలో గణాచారికి వచ్చునది పూనకము. సోదె చెప్పు స్త్రీ, అమ్మవారో, ఇంటిలో పోయినవారో తన నోట పలుకుచున్నట్లు చెప్పును. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలలో పచ్చికుండపై నిలిచి ఒక స్త్రీ చెప్పు భవిష్యవాణికి రంగమని పేరు. తెలంగాణలోను, రాయలసీమలోను పీర్ల పండుగనాడు పీరును ఎత్తుకొన్నవారికి ఒళ్ళు తెలియని స్థితి వచ్చుట మనము ఎరుగుదుము. పాశ్చాత్యులు ఇటువంటి వ్యక్తిని మీడియం అందురు. పేర్లు వేరైనను అన్నింటిలోను ఉన్న నమ్మకము ఒక్కటే: నోరు ఒకరిది, మాట మరియొకరిది.

ఈ నమ్మకమును పరీక్షించుటకు దూరము పోనక్కరలేదు. మన విద్యార్థులు పరీక్షల ముందు హాస్టలు గది తలుపు మూసి ఆడు ప్లాంచెట్ ఆటయే చాలును. కాగితముపై ఇంగ్లీషు అక్షరములు, అంకెలు గుండ్రముగా వ్రాసి, నడుమ రూపాయి బిళ్ళ పెట్టి, దానిపై నలుగురు తలా ఒక వ్రేలు ఆనించి ఆత్మను పిలుతురు. బిళ్ళ కదలి ఒక్కొక్క అక్షరము వద్ద ఆగుచు సమాధానము చెప్పును. ఒకమారు అటువంటి గదిలోనికి మేము వెళ్ళుట తటస్థించినది. పిల్లలు భయపడి లేవబోయినారు. మేము కూర్చుండుమని చెప్పి, ఎవరు వచ్చినారని అడిగితిమి. మీర్జా గాలిబ్ వచ్చినారట! ఉర్దూ రెండవ పేపరులో ఏ ప్రశ్నలు వచ్చునో చెప్పుచున్నారట!

1869లో ఢిల్లీలో కన్నుమూసిన ఆ మహాకవి ఉర్దూలోను, ఫారసీలోను వ్రాసినవాడు. ఇక్కడ ఇంగ్లీషు అక్షరములలో తన పేరు చెప్పుకొన్నాడు, అదియును మన పిల్లలు వ్రాయు స్పెల్లింగులోనే. మీరు పుట్టిన సంవత్సరమేదని అడిగించితిమి. ఆ నలుగురిలో ఎవరికిని అది 1797 అని తెలియదు, బిళ్ళకును తెలియలేదు. పిదప నలుగురి కన్నులకు రుమాళ్ళు కట్టించి, వారికి తెలియకుండ కాగితమును సగము త్రిప్పి పెట్టి, మరల పేరు అడిగించితిమి. బిళ్ళ కదలినది. అయితే అక్షరములు ఇంతకుముందు ఉండిన చోట్లకే పోయినది, ఇప్పుడు ఉన్న చోట్లకు కాదు. వచ్చినది ఆత్మయే అయినచో, నలుగురి కన్నులు మూసినంత మాత్రమున దానికేల చూపు పోవలెను?

పిల్లలు మోసము చేసినారా? లేదు. మేము ఒక్కొక్కరిని వేరుగా అడిగితిమి. ప్రతివాడును తాను త్రోయలేదనియే ప్రమాణము చేసినాడు. ఆ మాట నిజమే. ఇంగ్లండులో బల్లచుట్టు కూర్చుండి ఆత్మలను పిలుచు వేడుక ప్రబలినపుడు, 1853లో మైకేల్ ఫారడే అను శాస్త్రవేత్త దీనిని పరీక్షించినాడు. చేతులకును బల్లకును నడుమ అట్టముక్కలను మెత్తని జిగురుతో పొరలుపొరలుగా అమర్చినాడు. బల్ల తనంతట తాను కదలినచో అడుగు అట్ట ముందు జరుగవలెను. కాని జరిగినది పై అట్ట. అనగా చేయియే ముందు త్రోసినది, బల్ల దానిని అనుసరించినది. చేతుల కదలికను చూపు సూచిక నొకదానిని కూర్చున్నవారి కన్నులకు ఎదురుగా పెట్టగానే బల్ల కదలుట ఆగిపోయినది. మనస్సు ఎదురుచూచుదానిని కండరములు మనకు తెలియకుండనే చేయగలవు. వారు అబద్ధము చెప్పలేదు. తమ చేతిని తాము ఎరుగలేదు.

ఎరిగి చేసిన మోసములును లేకపోలేదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి హైడ్స్‌విల్ గ్రామములో 1848లో ఫాక్స్ సోదరీమణులు అను బాలికలు గోడలో టకటక శబ్దములతో ఆత్మ బదులు పలుకుచున్నదని చెప్పినారు. ఆ ఇంటినుండి ఒక ఉద్యమమే పుట్టినది. నలుబది ఏండ్ల తరువాత, 1888లో, వారిలో ఒకరైన మార్గరెట్ న్యూయార్కు నగరములో సభ ఎక్కి, ఆ శబ్దములు తమ కాలివ్రేళ్ళ కీళ్ళను విరిచి చేసినవని ఒప్పుకొని, చేసి చూపినది. మరుసటి యేడు ఆ ఒప్పుకోలును వెనుకకు తీసికొన్నది. అయినను ఒకమారు చూపిన చేష్ట చూపినదే కదా.

మన చెన్నపట్నమునకును ఈ చరిత్రలో చోటు కలదు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజ కేంద్రమున మహాత్ముల నుండి లేఖలు అద్భుతముగా వచ్చుచున్నవన్న మేడమ్ బ్లావట్‌స్కీ ప్రచారమును లండను పరిశోధక సంఘము తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ వచ్చి విచారించి, అది వంచనయని 1885లో నివేదిక ఇచ్చినాడు. ఆ నివేదికలోని తర్కదోషములను విమర్శించుచు 1986లో అదే సంఘపు పత్రికలో వెర్నన్ హారిసన్ వ్యాసము వెలువడినది. విచారించినవానిని సైతము మరల విచారించుట విద్య లక్షణము. కాని గమనింపుడు: నూరేండ్ల వాదము తరువాతను అద్భుతము ఋజువు కాలేదు, ఋజువునకు వాడిన పద్ధతియే చర్చనీయమైనది.

అంతమాత్రమున పూనకము వచ్చిన ప్రతివారిని వంచకులనుట అన్యాయము. మనకు ఉత్తరముగా, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండలలోను, సరిహద్దు దాటిన ఒడిశా కొండలలోను సవరలు నివసింతురు. ఒడిశా సవరల నడుమ ఏండ్ల తరబడి మెలగి, వారి భాష నేర్చిన పియర్స్ విటెబ్‌స్కీ అను పండితుడు 1993లో ఒక గ్రంథము ప్రకటించినాడు. అక్కడ పూనకము వచ్చిన స్త్రీ నోట చనిపోయినవారు ఒకరి వెంట ఒకరు వచ్చి మాట్లాడుదురు. బంధువులు ఆమె చుట్టు కూర్చుండి వారితో ఏడ్తురు, వాదింతురు, నిష్ఠూరములాడుదురు. ఈ సంభాషణ ఒక్కనాటితో ముగియదు, ఏండ్లు సాగును. మొదట రోగము తెచ్చునంతటి కోపముతో వచ్చిన ఆత్మ క్రమముగా శాంతించి, వంశమును కాచు పెద్దగా మారును. బ్రతికినవారి దుఃఖమును దానితోపాటే శాంతించును. తరువాతి తరము క్రైస్తవమును స్వీకరించి ఈ సంభాషణలను విడిచినదని ఆయనే 2017లో మరియొక గ్రంథమున వ్రాసినాడు. ఆ స్త్రీ నోట పలికినది నిజముగా ఆత్మయేనా అని ఋజువు చేయుట ఎవరికిని సాధ్యము కాలేదు. కాని ఆ కన్నీరు నిజము, ఆ ఊరట నిజము. ఇక్కడనే మేము ఒక గీత గీయదలచితిమి. ఓదార్పు వేరు, సాక్ష్యము వేరు.

ఈ భేదము మాకు పుస్తకములవలన తెలియలేదు. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరములో, మేము చదువుకొనుచున్న దినములలో, మా వీధిలోనే ఒక తల్లి ఉండెడిది. ఎదిగిన కొడుకు పచ్చకామెర్లతో పోయినాడు. ఆమె అన్నము మానినది. ఎవరో సోదె చెప్పు స్త్రీ వద్దకు తీసికొనిపోయినారు. ఆ నోట కొడుకు పలికినాడట, ఇంటిలో పిలిచిన పిలుపుతోనే పిలిచినాడట. ఆ సాయంత్రము ఆమె కంచము ముందు కూర్చున్నది. మేము సంతోషించితిమి. అంతటితో ఆగినచో ఈ వ్యాసములో ఆ కథకు చోటుండెడిది కాదు.

మూడవమారు పోయినపుడు ఆమె, “నిన్నెవరు తీసికొనిపోయినార్రా బాబూ?” అని అడిగినది. ఆ నోరు పేరు చెప్పలేదు. తూర్పువైపు ఇల్లు అన్నది, చిల్లంగి అన్నది. తూర్పువైపు ఇంటిలో ఉన్నది ఆమె తోటికోడలు. ఆ బిడ్డ ఆఖరి నాలుగు రాత్రులు నుదుట తడిగుడ్డ వేసి మేలుకొన్నది ఆ తోటికోడలే. ఆ దినము మొదలు రెండిండ్లవారు ఒక నూతి నీరు త్రాగుట మానినారు. తోటికోడలు తలవంచుకొని వీధి నడచుట మేము చూచితిమి. మన్యములో చిల్లంగి పేరు పడినవారిని కొట్టి చంపిన వార్తలు అప్పటికే పత్రికలలో చదివియుంటిమి. అయినను పెద్దల వ్యవహారమని నోరు విప్పలేదు. ఆనాడు చెప్పవలసిన మాట ఈనాడు చెప్పుచున్నాము. ఆ తల్లికి కొడుకు గొంతు విన్నట్లు తోచుటలో తప్పు లేదు. ఆ గొంతును న్యాయాధిపతిని చేయుటలో తప్పున్నది.

మన మతములు ఏమనుచున్నవని విద్యార్థులు అడుగవచ్చును. రూహ్ దైవాజ్ఞకు చెందిన విషయమనియు, మానవునికి ఈయబడిన జ్ఞానము స్వల్పమనియు ఖుర్ఆనులోని బనీ ఇస్రాయీల్ సూరా బోధించుచున్నది. పోయినవారికిని మనకును నడుమ బర్జఖ్ అను అడ్డు కలదనునది మన విశ్వాసము. పరోక్షము తెలియునని చెప్పు కాహిన్‌ల వద్దకు పోరాదని ప్రవక్తగారు వారించినారు. అయినను జిన్ పట్టినదని ఆమిల్ ఇంటికి పరుగెత్తువారు మన వీధులలో కొదువ కాదు. హిందూ సోదరుల విషయమునకు వచ్చినచో, మన జిల్లాలోని ఎస్.రాయవరములో 1862లో పుట్టిన గురజాడ అప్పారావుగారు భూతములను సీసాలో బంధింతునను పూజారి గవరయ్యను కన్యాశుల్కములో మనముందు నిలిపినారు. 1897లో అచ్చయిన ఆ నాటకమును చూచి నవ్విన ఊళ్ళలోనే గవరయ్యలు నేటికిని జీవించుచున్నారు.

నవ్వుటకు వీలులేని ఘట్టమును చెప్పవలసియున్నది. తమిళనాడులోని ఏర్వాడి దర్గాకు దుష్టశక్తులు వదలునన్న నమ్మకముతో మానసికరోగులను తీసికొనిపోవుదురు. దర్గా సమీపమున ప్రైవేటువారు నడిపిన ఒక వసతిలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టివేయబడిన రోగులు పరుగెత్తలేకపోయినారు. 28 మంది మరణించినారు. వారిని అక్కడ విడిచిపోయిన బంధువులు క్రూరులు కారు. రోగమును ఆత్మయని నమ్మినవారు. నేడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించుచున్నది. మంత్రములతో, తావీజులతో రోగములు నయము చేయుదుమను ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినది. వైద్యశాస్త్రము ప్రతి పూనకమును రోగమనుట లేదు. జాతరలో వచ్చి జాతరతో పోవునది రోగము కాదు. తనకు ఇష్టము లేకుండ, సమయము సందర్భము లేకుండ వచ్చి, మనిషి బ్రతుకును చెరచునది రోగము. దానికి చికిత్స కలదు. విశాఖపట్నములో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు.

కావున విద్యార్థులారా, ఎవరైనను ఒక ఆత్మ మాట తెచ్చినపుడు నాలుగు ప్రశ్నలు వేయుడు.

మొదటిది: ఆ మాటలోని సంగతి అక్కడ కూర్చున్నవారిలో ఎవరికిని తెలియనిదా? తెలిసినదే అయినచో ఆత్మ అవసరము లేదు.

రెండవది: ఆ మాట తప్పని తేలుటకు వీలున్నదా? వానలు కురియును, కొన్ని కష్టములు వచ్చును, నమ్మినవారిని కాపాడుదును అను మాట ఏ సంవత్సరమునకైనను సరిపోవును. భక్తితో విన్నచో వినవచ్చును, దానిని ఋజువనరాదు.

మూడవది: ఆ మాట వెంట రుసుమో, భయమో వచ్చుచున్నదా?

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది: ఆ మాట నమ్మినచో ఎవరి మందు ఆగిపోవును, ఎవరి చదువు ఆగిపోవును, ఎవరి పరువు పోవును? ఒక్కరికైనను హాని కలుగునని తోచినచో ఆ మాటను అక్కడనే విడువుడు.

ఆత్మలు లేవని మేము చెప్పుట లేదు. అది మా అధికారములో లేదు. ఆత్మ పేరిట మాట్లాడు నోరు మాత్రము మనిషిదే. మనిషి మాటకు పెట్టు పరీక్ష దానికిని పెట్టవలెను. పోయినవారి పేర ఫాతిహా చదువుకొనుడు, తర్పణము విడుచుకొనుడు, వారు అప్పగించిపోయిన పనిని పూర్తి చేయుడు. ఇంటిలో దుఃఖించువారి ప్రక్కన కూర్చుండి వారి మాట వినుడు. ఆ తల్లి సోదె ఇంటికి మూడవమారు పోవుటకు ముందు, ఆమె ప్రక్కన కూర్చుండి కొడుకు కబుర్లు వినువారు వీధిలో ఒక్కరున్నను, ఆ రెండిండ్ల నడుమ నూయి ఒక్కటిగానే ఉండెడిది.