కంటికి కానరాని పశుసంపద: సూక్ష్మజీవులను పోషించి పని చేయించుకొనుట

పాలు తోడుపెట్టుట మన ఇండ్లలో అందరికిని తెలిసిన పనియే. పాలు కాచి, గోరువెచ్చగా చల్లారిన పిమ్మట కొంచెము తోడు వేసి, కదలకుండ ఉంచినచో తెల్లవారుసరికి పెరుగగును. సలసల కాగుచున్న పాలలో తోడు వేసినచో పెరుగు కాదు. చలికాలములో గిన్నెను పొయ్యి దాపున ఉంచుదురు. ఎందువలన? తోడులో ఉన్నవి ప్రాణముగల జీవులు. వానికి తిండి కావలెను, తగిన వెచ్చదనము కావలెను, విషము తగులరాదు. ఈ వ్యాసములో చెప్పబోవు సంగతులన్నిటికిని ఈ పెరుగు గిన్నెయే మూలము.

ఎంజైములు అనగానేమి?

బాక్టీరియా, బూజులు, ఈస్టులు మొదలగువానిని సూక్ష్మజీవులందురు. చిటికెడు మంచి మట్టిలో ఇవి కోట్లకొలది ఉండును. వీనికి నోరు లేదు, పండ్లు లేవు. బాక్టీరియా, బూజులలో అనేకము తిండి చుట్టును ఒక విధమైన రసములను విడిచి, దానిని కరిగించి, కరిగినదానిని పీల్చుకొనును. ఆ రసములలో పనిచేయు పదార్థములే ఎంజైములు. ఎంజైము ప్రాణి కాదు. అది ఒక మాంసకృత్తు. కోడిగ్రుడ్డు సొన వేడికి గట్టిపడి మారిపోయినట్లే అధికమైన వేడికి సాధారణముగా ఎంజైము కూడ చెడిపోవును. ఒక తాళమునకు ఒక చెవి అన్నట్లు, ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క పనినే చేయును.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో గోగు కట్టలను చెరువులో ఊరవేయు రైతులకు ఈ సంగతి అనుభవములోనిదే. నారను పుల్లకు అంటిపెట్టి ఉంచు జిగురును నీటిలోని బాక్టీరియా తమ ఎంజైములతో కరిగించును. అందుచేతనే నార సులభముగా ఊడివచ్చును. కట్టలను సకాలములో తీయనిచో, జిగురు అయిపోయిన తరువాత అవి నారనే తినసాగును. నార బలము తగ్గి ధర పడిపోవును. కాన రోజు విడిచి రోజు ఒక పుల్లను ఒలిచి చూడవలెను.

ఈ పనినే నేడు కర్మాగారములలో పెద్ద ఎత్తున చేయుచున్నారు. పెద్ద తొట్లలో సూక్ష్మజీవులను పెంచి, అవి విడిచిన ఎంజైములను వేరుచేసి అమ్ముచున్నారు. బట్టలపై మరకలు పోగొట్టు సబ్బుపొడులలోను, మొక్కజొన్న పిండిని తీపి పాకముగా మార్చుటకును, తోళ్ల పరిశ్రమలో వెండ్రుకలు ఊడదీయుటకును ఇవి ఉపయోగపడుచున్నవి.

మట్టి నుండి వచ్చిన మందులు

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజు చుట్టును బాక్టీరియా నశించుట గమనించెను. ఆ బూజు నుండి వచ్చినదే పెనిసిలిన్. అయితే తొలిదినములలో అది బహు స్వల్పముగా లభించెడిది. అమెరికాలోని పియోరియాలో వ్యవసాయశాఖవారి ప్రయోగశాల ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు మొక్కజొన్నను నానబెట్టగా మిగిలిన ద్రవమును బూజుకు మేతగా పోయగా, దిగుబడి అనేక రెట్లు పెరిగెను. 1943లో ఆ ఊరి బజారులో దొరికిన ఒక బూజుపట్టిన ఖర్బూజా నుండి మరింత మంచి జాతి లభించెను. మంచి జాతి, మంచి మేత: పాడికి వర్తించు సూత్రమే బూజుకును వర్తించినది.

మన భీమవరములో 1895లో జన్మించిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే ప్రయోగశాలలలో పరిశోధనలకు అధిపతిగా ఉండిరి. అక్కడ బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మిసోరి విశ్వవిద్యాలయపు వ్యవసాయక్షేత్రములోని ఒక గడ్డి మడి మట్టి నుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది.

ఇందు పాడిరైతు గమనింపవలసిన విషయము ఒకటి కలదు. పొదుగువాపు వ్యాధికి పెనిసిలిన్ వంటి మందు ఇచ్చిన ఆవు పాలు తరచుగా సరిగా తోడుకొనవు. ఆ మందు పాలలోనికి వచ్చి తోడులోని బాక్టీరియాను కూడ చంపును. పెరుగు తోడుకొన్నదిగదా అని పాలలో మందు లేదని తలచరాదు. కొద్దిపాటి మందు ఉన్నను ఒకప్పుడు తోడుకొనవచ్చును. పశువైద్యులు చెప్పినన్ని రోజులు ఆ పాలను అమ్మరాదు, ఇంట వాడరాదు. ఇట్టి మందులను సొంతముగా కొని వాడుటయు, సగములో మానుటయు తగదు. మందుకు లొంగని బాక్టీరియా ప్రబలినచో రేపు పశువుకే కాదు, మన బిడ్డలకును ఆ మందు పనిచేయకపోవును.

గోబరుగ్యాసు తొట్టి

పేడను గాలి చొరని తొట్టిలో ఉంచినచో కొన్ని జాతుల బాక్టీరియా దానిని తిని, మండు వాయువును విడుచును. పొయ్యికి గ్యాసు, పొలమునకు చివికిన ఎరువు రెండును లభించును. ప్రతిదినము పేడను, సమముగా నీటిని కలిపి పోయుట అలవాటు. కొట్టము కడిగిన ఫినాయిలు నీరు, సబ్బు నీరు తొట్టిలోనికి పోనీయరాదు. అట్లు పోనిచ్చినచో గ్యాసు తగ్గిపోవును. చెడినది తొట్టి కాదు, అందులోని పశువులు చచ్చినవి.

వేరు బుడిపెలలోని ఎరువుల కర్మాగారము

మనము పీల్చు గాలిలో నూటికి 78 వంతులు నత్రజనియే. కాని ఏ మొక్కయు దానిని నేరుగా తీసికొనలేదు. యూరియాకు మూలమైన అమోనియాను చేయుటకు కర్మాగారములో 400 డిగ్రీలకు పైగా వేడియు, మామూలు గాలి కంటె నూరు రెట్లకు మించిన ఒత్తిడియు కావలెను. మినుము, పెసర, కంది, వేరుశనగ మొక్కల వేళ్లలో నివసించు రైజోబియము అను బాక్టీరియా అదే పనిని పొలములోని మామూలు వేడిలోనే, నైట్రోజినేజు అను ఎంజైముతో చేయుచున్నది. మొక్క దానికి చక్కెర ఇచ్చును. అది మొక్కకు నత్రజని ఇచ్చును. 1880 తరువాతి దశకములో జర్మనీలో హెల్రీగెల్, విల్ఫార్త్ అను శాస్త్రజ్ఞులు ఈ బుడిపెల రహస్యమును రుజువు చేసిరి.

అన్ని పైరులకు ఒకే జాతి రైజోబియము సరిపడదు. సోయాచిక్కుడుకు, శనగకు వాని వాని జాతులు వేరు. కాన పొట్లముపై మీ పైరు పేరు ఉన్నదో లేదో చూడవలెను.

కల్చరు పట్టించు విధానము

1. నూరు మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లము కలిపి మరిగించి, పూర్తిగా చల్లార్చవలెను. వెచ్చగా ఉండగా కల్చరు కలుపరాదు.

2. మినుము, పెసర వంటి పైరులలో ఎకరాకు చాలు 8 నుండి 10 కిలోల విత్తనమునకు ఈ పాకమును పట్టించి, 200 గ్రాముల కల్చరు పొడిని చల్లి, గింజ గింజకు అంటునట్లు కలుపవలెను. వేరుశనగ పప్పు పైపొర ఊడకుండ మెల్లగా కలుపవలెను. మోతాదు పొట్లముపై చూడవలెను.

3. నీడలో గోనెపట్టాపై ఆరబెట్టి, ఆ రోజే విత్తవలెను. ఎండలో ఆరబెట్టరాదు.

4. తెగుళ్ల మందు, పురుగుమందు విత్తనమునకు పట్టించవలసి ఉన్నచో వానిని కనీసము ఒక రోజు ముందుగా పట్టించి, కల్చరును చివరకు పట్టించవలెను. కల్చరును ఎరువులతో కలుపరాదు.

5. సిఫారసు ప్రకారము ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరము చాలును. భాస్వరము బుడిపెలకు బలమిచ్చును. యూరియా ఎక్కువ వేసినచో మొక్క బుడిపెలను పోషించుట మానివేయును.

కల్చరు ఎందుకు పనిచేయలేదు?

"పొట్లము వాడితిమి, ఫలితము లేదు" అను రైతులు అనేకులు. వారి మాట నిజమే కావచ్చును. గడువు దాటిన పొట్లము, అంగడిలో పురుగుమందుల ప్రక్కన ఎండలో పడియున్న పొట్లము, ఇనుప పెట్టెలో వేడికి మాడిన పొట్లము: వీనిలో మిగిలినది నల్లని పొడియే కాని జీవులు కావు. చచ్చిన ఎద్దును కాడికి కట్టి దున్నుమనినట్లే! గడువు తేదీ చూచి కొని, ఇంట చల్లని నీడలో ఉంచవలెను.

ఇంకొక కారణము కూడ కలదు. ఏటేట అదే అపరాల పైరు వేయు పొలములో ఆ జాతి బాక్టీరియా ముందే సమృద్ధిగా ఉండవచ్చును. అచట తేడా కనపడకపోవచ్చును. ఆ పైరును క్రొత్తగా వేయు భూములలోను, లోగడ అపరాలు వేయని వరి మాగాణులలోను కల్చరు తప్పక పట్టించవలెను.

మాటలు నమ్మి ఊరకుండవలదు, మీరే పరీక్షింపుడు. ఒక ప్రక్కన నాలుగు సాళ్లు కల్చరు పట్టించని విత్తనమును ముందుగా విత్తి గుర్తు పెట్టుకొనుడు. సుమారు నెల రోజులకు రెండు చోట్లను కొన్ని మొక్కలను పెరుకక, పారతో మట్టితో సహా త్రవ్వి తీసి, నీటిలో మెల్లగా కడుగుడు. బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబి రంగు ఉన్నచో అది పనిచేయుచున్నది. తెల్లగా గాని, ఆకుపచ్చగా గాని, గోధుమ రంగుగా గాని ఉన్నచో దానివలన లాభము లేదు. పంట వచ్చిన పిమ్మట రెండు చోట్ల గింజను తూచి చూచినచో మీ సొమ్ము నిలిచినదో లేదో మీకే తెలియును.

పశువును కొని తెచ్చి నీరు, మేత, నీడ చూపనివాడు పాలు ఆశింపడు. సూక్ష్మజీవియు అంతే. బ్రతికియున్నదానిని కొనుడు, బ్రతుకునట్లు విత్తుడు, విషము తగులనీయకుడు. అప్పుడది మీ పొలములో కూలి అడుగక పనిచేయును.